ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టండి
తెలుగు రాష్ట్రాల జిమ్ యజమానులకు, తోటి ట్రైనర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పదిహేడేళ్ళుగా విజయవాడలో జిమ్ ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. మీలో కొందరి దగ్గర జీతానికి చేశాను, కొందరితో ఒకే షిఫ్టులో నిలబడ్డాను, కొందరికి పని నేర్పాను. అందుకే మన ఇంటి విషయం మాట్లాడుకునేంత చనువుతో రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. కొత్తగా చేరిన మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించే ముందు, చేతికి డంబెల్ ఇచ్చే ముందు, ఒక కుర్చీ వేసి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. ఒంటి సంగతి అడగండి, బీపీ చూడండి, ఒకటి రెండు చిన్న పరీక్షలు చేయించండి. వ్యాయామం ఆ తర్వాత.

ఇది ఎవరికీ తెలియని విద్య కాదు. సర్టిఫికెట్ కోర్సు చేసిన ప్రతి ట్రైనరూ తొలి పాఠాల్లోనే చదివాడు, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాడు. జిమ్‌లో అడుగుపెట్టాక మానేశాడు. నేనూ మానేశాను. మానేసినందుకు ఏమి జరిగిందో ముందు చెబుతాను.

పన్నెండేళ్ళ కిందట ఒక కార్తిక సోమవారం సాయంత్రం. ఆ వారమే చేరిన ఒక పెద్దమనిషి, కరెంటు ఆఫీసు ఉద్యోగి, వయసు యాభై రెండు, ఐదు దాటగానే వచ్చారు. "చీకటి పడేలోపు అయిపోవాలి బాబూ, ఇంటికి వెళ్ళి దీపం పెట్టుకోవాలి" అన్నారు. ట్రెడ్‌మిల్ ఎక్కించాను. పది నిమిషాలు బాగానే నడిచారు. ఆ తర్వాత అడిగినదానికి బదులివ్వడం మానేశారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ముందున్న కడ్డీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు, వేళ్ళు వణుకుతున్నాయి. అలసిపోయారనుకున్నాను. "ఇంకొక్క మూడు నిమిషాలు సార్, బాగా చేస్తున్నారు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో మోగుతూనే ఉంది. మూడు నిమిషాలు కాలేదు. మోకాళ్ళు మడతపడి బెల్టు మీద పడ్డారు. బెల్టు ఆగేలోపు మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి.

పక్కనున్న మందుల షాపు కుర్రాడు గ్లూకోమీటర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. షుగర్ 46 చూపించింది, బాగా పడిపోయింది. అప్పటికి ఇంకా మింగగలిగే స్పృహలో ఉన్నారు కాబట్టి పంచదార నీళ్ళు తాగించాం. కాసేపటికి చూపు నిలబడింది. చొక్కా జేబులో మాత్రల పట్టీ ఉంది. గ్లిమిపిరైడ్, షుగర్ తగ్గించే మందు. ఆరేళ్ళుగా షుగర్ ఉందట. పొద్దున మాత్ర వేసుకున్నారు. సోమవారం ఉపవాసం, నక్షత్రం చూసేదాకా ఏమీ తినరు.

ఆసుపత్రికి వచ్చిన ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి, "ఆయనకు షుగరని మీకు చెప్పలేదా?" అని అడిగారు. చెప్పలేదన్నాను. ఒక్క క్షణం ఆగి, "మీరు అడగలేదా?" అన్నారు.

అడిగాననే అనుకున్నాను. చేరిన రోజు కౌంటర్ దగ్గర నిలబెట్టి, "ప్రాబ్లమ్స్ ఏమీ లేవుగా సార్?" అన్నాను. లేవన్నారు. ఎందుకు అలా అన్నారో తర్వాత ఆయనే చెప్పారు. ఆ సమయానికి పక్కన వాళ్ళ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఫీజు కడుతున్నాడు. తన కింద పనిచేసేవాడి ముందు తన జబ్బు ఎవరు బయటపెట్టుకుంటారు? పైగా నా ప్రశ్నలోనే జవాబు ఉంది. "లేవుగా" అని అడిగితే "లేవు" అనక ఏమంటారు?

ఆయన సంతకం చేసిన ఫారం కూడా ఉంది. రెండు పేజీలు, ఇంగ్లీషులో, చీమల బారు లాంటి అక్షరాల్లో. ప్రతి జబ్బుకూ ఎదురుగా లేదని టిక్కు. ఆ టిక్కులన్నీ పెట్టింది మా కౌంటర్ అమ్మాయి, ఆయన చేసింది కింద సంతకం. చివరి పేరాలో, ఏమి జరిగినా జిమ్‌కు బాధ్యత లేదని రాసి ఉంది. మనలో చాలామంది దగ్గర ఈనాటికీ నడుస్తున్న కాగితం అదే. అది మనల్ని కాపాడుతుందని నమ్ముకుని బీరువాలో దాచుకుంటున్నాం. అందులో ఉన్న విషయం ట్రైనర్ కంట పడదు, పడినా అందులో నిజం ఉండదు.

అసలు ఈ ప్రశ్నల పద్ధతి 1970లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పుట్టింది. పార్-క్యూ అంటారు. కాలక్రమంలో మారుతూ వచ్చినా మొదటి పుటలో నేటికీ ఏడే ప్రశ్నలు. గుండె జబ్బు ఉందనో బీపీ ఉందనో డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్ళు తిరిగి పడిపోయారా, రోజూ మందులు వాడుతున్నారా, ఎముకల కీళ్ళ బాధలున్నాయా, ఇలా సాగుతాయి. మామూలు మనిషి ఐదు నిమిషాల్లో చెప్పగలిగిన విషయాలు. వీటికి రెండు పేజీల బెదిరింపు అక్కర్లేదు.

కానీ వాటిని ఉన్నవి ఉన్నట్టు తెలుగులోకి దించితే కూడా పని జరగదు. మనవాళ్ళు జబ్బును చెప్పే తీరు వేరు. ఈ పదిహేడేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో విలువైనది ఏదైనా ఉంటే, ఏ ప్రశ్న ఎలా అడగాలన్నదే.

"మీకు బీపీ ఉందా?" అంటే "లేదండీ" అంటారు. "బీపీ మాత్ర వేసుకుంటున్నారా?" అంటే "రోజూ పొద్దున ఒకటి" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. మాత్రతో అదుపులో ఉంది కాబట్టి వాళ్ళ లెక్కలో లేనట్టే. "ఉండేది, తగ్గిపోయింది, మాత్ర ఆపేశాను" అనేవారూ ఉంటారు, వాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. "ఛాతీలో నొప్పి వస్తుందా?" అంటే నూటికి ఒక్కరు కూడా ఒప్పుకోరు. "గ్యాస్ పట్టేస్తుందా? ఎప్పుడు పడుతుంది, తిన్నాకా, మెట్లు ఎక్కేటప్పుడా?" అని అడిగి చూడండి. భోజనం తర్వాత పట్టే గ్యాస్ వేరు. రెండో అంతస్తు ఎక్కుతుంటే పట్టి, ఆగి నిలబడగానే వదిలేసే గ్యాస్ వేరు. ఆ రెండో రకం చెప్పిన మనిషిని నేను ఆ రోజు ఏ యంత్రం దగ్గరికీ తీసుకెళ్ళను, గుండె డాక్టర్ దగ్గరికి పంపుతాను. అలా పంపినవారిలో ఇద్దరికి స్టెంట్లు వేశారు. ఇద్దరూ తమది గ్యాసేనని నాతో గట్టిగా వాదించినవాళ్ళే.

ఆయాసం గురించి అడగాలంటే నేను ఇంద్రకీలాద్రి మెట్ల గురించి అడుగుతాను. "పోయిన దసరాకు మెట్ల మీదుగా వెళ్ళారా? మధ్యలో ఎన్నిసార్లు ఆగారు? అంతకు ముందేడు ఎన్నిసార్లు ఆగారు?" మీ ఊరికి మీ గుట్ట ఉంటుంది, లేకపోతే రైల్వే స్టేషన్ వంతెన ఉంటుంది. ఏడాదిలో వచ్చిన తేడా అందులో పట్టుబడుతుంది.

"ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?" అంటే లేదంటారు. "నాన్నగారు ఉన్నారా?" అని మెల్లగా అడగండి. "లేరండీ, నలభై ఎనిమిదికే పోయారు. నిద్రలోనే. ఎవరితోనూ చేయించుకోకుండా పోయారు" అంటారు. అది కుటుంబం దృష్టిలో పుణ్యాత్ముడి చావు. మన కాగితం మీద మాత్రం రాసుకుని, కింద గీత గీయవలసిన విషయం. తండ్రికో అన్నదమ్ములకో యాభై ఐదేళ్ళలోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో అరవై ఐదేళ్ళలోపు గుండెపోటు వచ్చిందంటే ఆ ఇంటి మనిషి విషయంలో ఒక అడుగు వెనకే ఉండాలి.

ఇవన్నీ కౌంటర్ దగ్గర, పాటల మోత మధ్య, పదిమంది వింటుండగా అడిగేవి కావు. ప్రత్యేకమైన గది లేకపోతే ఒక మూల, మధ్యలో ఒక తెర, రెండు కుర్చీలు చాలు. ఆడవాళ్ళను ఆడ ట్రైనరే అడగాలి. రాసుకున్న కాగితం తాళం వేసిన సొరుగులో ఉండాలి, జిమ్ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ కనబడకూడదు.

మాటల కంటే నమ్మకమైన సాక్షి ఇంకొకటి ఉంది. "మీరు వాడే మాత్రల పట్టీలన్నీ ఒక కవర్లో వేసుకుని రండి" అని చేరేటప్పుడే చెప్పండి. మందు మార్చమని, ఆపమని చెప్పే హక్కు మనకు లేదు. అది డాక్టర్ పని. కానీ ఏ మందు మన వ్యాయామాన్ని ఎలా మారుస్తుందో మనం తెలుసుకుని తీరాలి. మెటోప్రొలాల్, ఎటెనొలాల్ వంటి బీపీ, గుండె మాత్రలు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి. ట్రెడ్‌మిల్ మీద అంటించిన పట్టిక చూసి, 220లోంచి వయసు తీసేసి, అందులో ఇంత శాతం రావాలని తోలితే, ఆ మనిషి ఒళ్ళు హూనమైనా ఆ అంకె రాదు. అసలు మందులేవీ వాడనివారిలోనే ఆ లెక్క పది పన్నెండు బీట్లు అటూ ఇటూ అవుతుంది. ఆ మాత్రలు వాడేవారికి మాటే కొలమానం. నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా చెప్పగలుగుతున్నారా, మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తోందా అన్నది గమనిస్తే చాలు.

షుగర్ మందుల్లోనూ తేడాలున్నాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ రకం మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి పడిపోతుంది. వారికి వ్యాయామానికి ముందు 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తినిపించాలి. షుగర్ వల్ల కంటి వెనుక రక్తనాళాలు దెబ్బతిని లేజర్ చేయించుకున్నామని చెప్పినవారిని, కంటి డాక్టర్ సరేననేదాకా, ఊపిరి బిగబట్టే బరువులు ఎత్తించకూడదు, తలకిందులు చేయించకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గినవారి సాక్సులు విప్పించి చూడండి. బొబ్బ వచ్చినా వాళ్ళకు తెలియదు. మనిషి పాదం వంగి చూడడానికి నామోషీ పడే ట్రైనర్ ఈ వృత్తిలో ఉండనక్కర్లేదు.

ఇక బీపీ. మీ జిమ్‌లో బీపీ మిషన్ ఉందా? నేను చూసిన చాలాచోట్ల సొరుగు అడుగున, బ్యాటరీలు కారిపోయి పడి ఉంది. లక్షలు పోసి కొన్న యంత్రాల మధ్య రెండు మూడు వేల రూపాయల వస్తువుకు చోటు లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. పెద్దవాళ్ళలో 35 శాతానికి పైగా రక్తపోటు ఉంది. అంటే మీ తలుపు తోసుకుని వచ్చే ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉందనుకోవచ్చు. వారిలో ఎంతోమందికి ఆ సంగతి తెలియదు. తొలిసారి తెలిసేది మీ కుర్చీలోనే కావచ్చు.

కొలిచే పద్ధతి కూడా తిన్నగా ఉండాలి. మెట్లెక్కి వచ్చిన మనిషి చేతికి వెంటనే పట్టీ చుట్టకండి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ ఉండకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టించి, మాట్లాడించకుండా చూడాలి. కాసేపు ఆగి రెండోసారి చూడాలి. లావుపాటి చేతికి మామూలు పట్టీ చుడితే లేని బీపీ చూపిస్తుంది, కాబట్టి పెద్ద పట్టీ కూడా కొనండి. రెండుసార్లూ 140/90 దాటితే డాక్టర్‌కు చూపించుకోమని చెప్పి, ఈలోపు తేలికపాటి నడక చేయిస్తాను. 180/110 దాటితే ఆ రోజు ఏ వ్యాయామమూ లేదు, తిన్నగా డాక్టర్ దగ్గరికే. ఇది అతి జాగ్రత్త అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. 1985లో కెనడా పరిశోధకులు బాడీబిల్డర్ల ధమనిలోకే గొట్టం ఎక్కించి, బరువులెత్తేటప్పుడు రక్తపోటు ఎంత పెరుగుతుందో కొలిచారు. రెండు కాళ్ళతో పెద్ద బరువు నెట్టేటప్పుడు సగటున 320/250 దాకా వెళ్ళింది. వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న, అలవాటున్న యువకులు. ఊపిరి బిగబట్టి ముక్కుతూ ఎత్తే కొత్త మనిషికి మొదలే 180 ఉంటే ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించండి.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఫారాలన్నీ మగవాడిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవారిలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ట్రెడ్‌మిల్ మీద ఐదు నిమిషాలకే ఆయాసపడే అమ్మాయిని "స్టామినా లేదు" అని కసిరే ముందు, రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నారని అడగండి. ముహూర్తం పెట్టుకుని, నలభై రోజుల్లో పది కిలోలు తగ్గాలని వచ్చే పెళ్ళికూతుళ్ళను మీరంతా చూసే ఉంటారు. పొద్దున నిమ్మరసం, రాత్రి ఒక పుల్కా, మధ్యలో రెండు పూటలా జిమ్. నా దగ్గర అలాంటి అమ్మాయి ఒకరు కళ్ళు తిరిగి కూర్చుండిపోతే, పరీక్షలో హిమోగ్లోబిన్ ఏడున్నర వచ్చింది. ఆమెకు కావలసింది తిండి, ఐరన్ మాత్ర, డాక్టర్. నేను ఇస్తున్నది గంట కార్డియో. కాన్పు అయ్యి ఎన్నాళ్ళయింది, సిజేరియనా, దగ్గినప్పుడో ఎగిరినప్పుడో మూత్రం పడుతుందా, గర్భసంచి తీయించుకున్నారా, థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారా అన్నవి అడగాలి. తడుముకోకుండా, సిగ్గుపెట్టకుండా అడిగే ఆడ ట్రైనర్లను తయారుచేసుకోవాలి. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడిగినందుకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నవారున్నారని నాతో పనిచేసే అమ్మాయి చెప్పింది.

ఇంతా చెప్పి, జబ్బున్నవారిని గుమ్మంలోంచి తిప్పి పంపమని మాత్రం అనడం లేదు. అది ఇంకో పెద్ద తప్పు. బీపీకి, షుగర్‌కి, మోకాళ్ళ నొప్పికి, దిగులుకి కూడా వ్యాయామమే మందు. దాన్ని వారికి అందకుండా చేయకూడదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ళు 2015లో తమ పద్ధతిని మార్చుకున్నది ఇందుకే. అంతకుముందు వయసు, పొగ, కొలెస్టరాల్ అంటూ లెక్కలు వేసి, అవసరం లేనివారిని కూడా డాక్టర్ల దగ్గరికి పంపేవారు. కొత్త పద్ధతిలో మూడే చూస్తారు. ఈ మనిషికి ఇప్పటికే వ్యాయామం అలవాటుందా? గుండె, షుగర్, కిడ్నీ జబ్బులుగానీ వాటి లక్షణాలుగానీ ఉన్నాయా? ఎంత తీవ్రంగా చేయాలనుకుంటున్నారు? జబ్బూ లక్షణాలూ లేని మనిషి రేపటి నుంచే మెల్లగా నడక మొదలుపెట్టవచ్చు. లక్షణాలున్న మనిషి ఆగాలి. జబ్బు ఉంది, లక్షణాలు లేవు, అలవాటూ లేదంటే డాక్టర్ మాట తీసుకుని మొదలుపెట్టాలి.

ఆ డాక్టర్ మాట తీసుకోవడంలో కూడా మన తప్పుంది. "ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెండి" అని పంపితే డాక్టర్‌గారు "ఫిట్" అని మూడక్షరాలు రాసి పంపుతారు. దేనికి ఫిట్? మనం ఏమి చేయించబోతున్నామో ఆయనకు తెలియదు. అందుకే నేను ఒక చీటీ రాసి పంపుతాను. మొదటి నెల రోజుకు ఇరవై నిమిషాల నడక, వారానికి రెండు రోజులు తేలికపాటి బరువులు, మీ పేషెంట్‌కు ఈ రోజు చూసిన బీపీ ఇంత, వద్దనేది ఏదైనా ఉంటే రాయగలరు అని. ఆ చీటీ వెనుకవైపు వివరంగా రాసి పంపిన డాక్టర్లు చాలామంది ఉన్నారు. మనం మర్యాదగా, తెలిసి అడిగితే వాళ్ళూ అలాగే స్పందిస్తారు.

ఇప్పుడు కొలతల విషయం. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అరికాళ్ళు ఆనించి నిలబడితే కొవ్వు శాతం, కండ శాతం, "శరీరం వయసు" అచ్చువేసి ఇచ్చే మిషన్ ఇప్పుడు ప్రతి జిమ్‌లోనూ ఉంది. ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, నీటి శాతాన్ని బట్టి లెక్కగట్టే యంత్రం అది. రెండు గ్లాసుల నీళ్ళు తాగి నిలబడినా, చెమట పట్టాక నిలబడినా అంకె మారుతుంది. ఒకే మనిషిని ఒకే వేళకు నెలల తరబడి చూస్తే కొంత ఉపయోగం. మనం దాన్ని వాడుతున్నది అందుకు కాదు. ముప్పై నాలుగేళ్ళ మనిషికి "మీ శరీరం వయసు యాభై ఒకటి" అని ఎర్ర సిరాతో చూపించి, ఆ భయంలో ఏడాది ప్యాకేజీ అమ్మడానికి వాడుతున్నాం. భయపెట్టి రాబట్టిన డబ్బు అది.

నిజంగా పనికొచ్చే కొలతలకు ఖర్చే లేదు. నడుము చుట్టూ టేపు పెట్టండి. మనవాళ్ళకు మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 దాటితే జాగ్రత్తపడాలి. ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ కూడా మనకు 23 దాటితేనే ఎక్కువ కింద లెక్క. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అడుగు ఎత్తున్న మెట్టు మీద మూడు నిమిషాలు ఎక్కించి దించి, కూర్చోబెట్టి ఒక నిమిషం నాడి చూడండి. నెల తర్వాత మళ్ళీ చూడండి, తగ్గిన నాడి కంటే మంచి ప్రశంసాపత్రం లేదు. నాకు ఇష్టమైన పరీక్ష మాత్రం చాప మీద కూర్చుని లేవడం. ఏ చెయ్యి ఆనించారు, ఏ మోకాలు ముందు మడిచారు, లేచేటప్పుడు ముఖం ఎలా పెట్టారు. అరవై ఒక్కేళ్ళ ఆవిడ ఒకరు తొలిరోజు చాప మీద నుంచి లేవడానికి కుర్చీ కాలు పట్టుకున్నారు. "పూజ దగ్గర కింద కూర్చుని లేవగలిగితే చాలమ్మా, ఇంకేమీ వద్దు" అన్నారు. ఆవిడకు ఏమి చేయించాలో ఆ ఒక్క మాట నాకు చెప్పేసింది. ఏ మిషన్ అచ్చువేసిన కాగితమూ చెప్పలేకపోయేది.

పాత తాలింఖానాల్లో, అంటే వ్యాయామశాలల్లో, కొత్తగా వచ్చినవాడి చేతికి వస్తాదు వెంటనే సంగిడీ లాంటి బరువు ఇచ్చేవాడు కాదని మా తాత చెప్పేవారు. ముందు మట్టి తవ్వించి, నీళ్ళు చల్లించి, కొన్నాళ్ళు ఊరికే చూసేవాడట. ఏ భుజం ఎత్తుగా ఉంది, ఎంతసేపటికి రొప్పు వస్తోంది అని. ఆయన దగ్గర ఫారాలు లేవు. మనిషిని చూసే ఓపిక ఉంది.

ఆ ఓపిక లేకపోతే ఏమవుతుందో ఇంకొకటి చెప్పి ముందుకు వెళతాను. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఏ జబ్బూ లేదు. మరో జిమ్‌లో తొలిరోజే స్నేహితులతో పందెం వేసుకుని రెండు వందల బస్కీలు తీశాడు, ట్రైనర్ పక్కన నిలబడి లెక్కపెట్టాడు. మూడో రోజుకు తొడలు రాళ్ళయ్యాయి, మూత్రం కోలా రంగులో వచ్చింది. కండరాలు చితికి ఆ వ్యర్థమంతా రక్తంలో కలిసి కిడ్నీల మీద పడింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కుర్రాళ్ళకు పరీక్షలు ఎందుకనే మాట అందుకే నాకు నచ్చదు. "ఆఖరిసారి ఒళ్ళు వంచి పని చేసింది ఎప్పుడు?" అన్న ప్రశ్న వయసుతో సంబంధం లేకుండా అందరికీ ఉంది. కొవ్వు కరిగించే గోళీలు, వ్యాయామానికి ముందు తాగే పొడులు వాడుతున్నారా అన్నది కూడా కుర్రాళ్ళనే గట్టిగా అడగాలి.

యజమానులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ట్రైనర్ ఈ ఇరవై నిమిషాలు ఎందుకు పెట్టడో మీకు తెలుసు. అతనికి నెలకు ఇన్ని పర్సనల్ ట్రైనింగ్‌లు అమ్మాలని మీరు టార్గెట్ పెట్టారు. కొత్త మనిషితో కూర్చుని మాట్లాడిన సమయం అతని జీతంలో ఎక్కడా లేదు. ఆ సమయాన్ని పనిగా లెక్కకట్టి డబ్బివ్వండి. బీపీ ఎక్కువగా ఉంది, ఈ నెల నడక చాలు అని ఒక ట్రైనర్ చెప్పినందుకు ఆ కస్టమర్ వెళ్ళిపోతే, అతన్ని తిట్టకండి. ఆడ ట్రైనర్‌ను ప్రతి షిఫ్టులో ఉంచండి. ప్రతి షిఫ్టులో కనీసం ఇద్దరికి, గుండె ఆగినవారికి చేసే సీపీఆర్ చేతులతో వచ్చి ఉండాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ ఐదు ఆరు సెంటీమీటర్లు దిగేలా నొక్కడం బొమ్మ మీద సాధన చేయకుండా రాదు. 108కి ఫోను ఎవరు చేయాలి, కింద గేటు దగ్గర ఎవరు నిలబడాలి అన్నది ముందే అనుకుని ఉండాలి. పంచదారో గ్లూకోజ్ పొడో కౌంటర్‌లో ఉండాలి.

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ నలభై ఆరేళ్ళకే పోయినప్పుడు, 2022 ఆగస్టులో హాస్యనటుడు రాజు శ్రీవాస్తవ దిల్లీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద కుప్పకూలి ఆ తర్వాతి నెల కన్నుమూసినప్పుడు మనకు వచ్చిన ఫోన్లు గుర్తున్నాయా? "జిమ్‌కు వస్తే గుండె ఆగిపోతుందా?" అని. వారి విషయంలో ఎవరి తప్పూ ఎంచే అర్హత మనకు లేదు, ఎంచకూడదు కూడా. కానీ భయపడి ఫోను చేసినవారికి మనం ఇచ్చిన జవాబు ఏమిటి? "అలాంటిదేమీ ఉండదు సార్, రండి." పరీక్షించి చూసే అలవాటు మనకు ఉండి ఉంటే, "ఒకసారి వచ్చి కూర్చోండి, అన్నీ చూసి చెబుతాం" అనేవాళ్ళం. అప్పుడు ఆ ధైర్యంలో కొంత నిజం ఉండేది.

నా జిమ్‌లో వాడే ప్రశ్నల కాగితం తెలుగులో, ఒకే పుటలో, పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ జిమ్‌వారైనా జిరాక్స్ తీసుకోవచ్చు, మీ పేరు పెట్టుకుని అచ్చు వేసుకోవచ్చు, మీ ఊరి మాటలు చేర్చుకోవచ్చు. కింద బాధ్యత లేదన్న పేరా మాత్రం అందులో లేదు. ఆ చోట ఒక గడి ఉంది, "ఈ రోజు ఏమి తిన్నారు? ఏ మాత్ర వేసుకున్నారు?" అని. అది రోజూ అడగవలసినది.

ఆ కరెంటు ఆఫీసు పెద్దమనిషి రిటైరయ్యారు. జిమ్‌లు మారినా నన్ను వదలలేదు. నిరుడు కార్తికం రాకముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఉపవాసం రోజున మాత్ర సంగతి ఏమిటో అడిగి రాయించుకొచ్చారు. ఆ నెల సోమవారాలన్నీ జిమ్‌కు సెలవు. మంగళవారం పొద్దున ఆరింటికి వచ్చి, బల్ల ముందు కుర్చీలో కూర్చుని, నేను నోరు తెరవకముందే, "రెండు ఇడ్లీలు తిన్నాను బాబూ, మాత్ర వేసుకున్నాను" అంటూ మిషన్ కోసం చెయ్యి బల్ల మీద పెట్టేవారు.

ఇట్లు,
విజయవాడ నుంచి మీ తోటి ట్రైనర్